యాపిల్ మ్యూజిక్ ప్లేయర్ ఐపాడ్‌లో 5.5వ తరమా, 2009 ఐపాడ్ క్లాసిక్కా? నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్ల పాటలకు ఏది తీసుకోవాలి?

ఏది కొన్నా హార్డ్ డిస్క్ తీసేసి, అడాప్టర్‌తో 256 జీబీ ఎస్‌డీ కార్డు పెట్టి, యాపిల్ సాఫ్ట్‌వేర్‌కు బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ రాక్‌బాక్స్ ఎక్కించాలని ఉంది. 2007 క్లాసిక్ ఇలాంటి కార్డులను 128 జీబీ దాటి గుర్తించదంటారు కాబట్టి దాన్ని వదిలేశాను.

2006 నాటి 5.5లో పాటను ధ్వనిగా మార్చే చిప్ వోల్ఫ్‌సన్ కంపెనీది. ముందు భాగం ప్లాస్టిక్ కాబట్టి సన్నని ప్లాస్టిక్ పలకతోనే తెరుచుకుంటుంది. 2009 క్లాసిక్‌లో ఆ చిప్ సిరస్ లాజిక్ కంపెనీది, ముందూ వెనకా లోహమే. క్లిప్పులు గట్టివి, బలవంతంగా ఎత్తితే వెనక మూత వంగి మళ్లీ సరిగ్గా కూర్చోదు. పైగా మూత ఒక్కసారిగా లాగితే బ్యాటరీ రిబ్బన్ తెగుతుంది. ఈ భయంతోనే మనసు 5.5 వైపు మొగ్గుతోంది.

వాడేది 16 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం) ఇయర్‌ఫోన్లు. 5.5లో హెడ్‌ఫోన్ దారిలో కెపాసిటర్లు ఉండటం వల్ల ఇంత తక్కువ ఓమ్‌లకు బేస్ కింది భాగం పలచబడుతుందంటారు. అది చెవికి తెలిసేంతగా ఉంటుందా? రాక్‌బాక్స్ ఈక్వలైజర్‌తో (బేస్ వంటివి పెంచి తగ్గించే అమరిక) సరిపెట్టవచ్చా?

5.5లో 30 జీబీ మోడల్‌కు 32 ఎంబీ ర్యామ్, 80 జీబీ మోడల్‌కు 64 ఎంబీ. సుమారు 9,000 ఫైళ్లకు రాక్‌బాక్స్‌లో 32 సరిపోతుందా, లేక 64 ఉన్నదే వెతకాలా? రెండూ వాడినవారు చెప్పగలరా?