వంటింటి నడుమ గట్టు: 12 అడుగుల గదిలో ఐలాండ్ అవసరమా, పొయ్యి దాని మీద ఉండవచ్చా?

నల్లగొండ పంతులమ్మ

నల్లగొండలో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాము. స్లాబు, ప్లాస్టరింగు పూర్తయ్యాయి. పది రోజుల్లో నేల బండలు పరవడం మొదలవుతుంది. వంటగది ఆగ్నేయ మూలన ఉంది. తూర్పు పడమరలు 12 అడుగులు, ఉత్తర దక్షిణాలు 11 అడుగులు. పడమటి వైపు గోడ లేకుండా భోజనాల గదిలోకి తెరిచి ఉంచాము. తూర్పు గోడ పొడవునా 2 అడుగుల వెడల్పు గట్టు వస్తుంది. దక్షిణపు గోడకు, ఆ గట్టు దాటగానే, పెరటి తలుపు ఉంది. బోళ్లు తోమే జాగా ఆ తలుపు అవతలే.

మావారు గది నడుమ ఐలాండ్ కట్టించి పొయ్యిని దాని మీదికి తేవాలని పట్టుగా ఉన్నారు. అత్తమ్మది దేవరకొండ దగ్గర పల్లె. రోజూ జొన్న రొట్టెలు చేసే మనిషి. నడుమ గట్టు కాళ్లకు అడ్డం పడుతుందని ఆమె బాధ. గ్యాసు గొట్టమైనా, నీళ్ల గొట్టమైనా, కరెంటు తీగైనా గది నడుమకు రావాలంటే బండల కిందనే రావాలి కనుక, ఏ సంగతీ ఇప్పుడే తేల్చమని మేస్త్రి అంటున్నారు. ఇంత గదిలో ఐలాండ్ పడుతుందా? పడితే పొయ్యి దాని మీద ఉండవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలమూరు ఇంజనీరు

పంతులమ్మగారూ, మహబూబ్‌నగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. మొదటి ప్రశ్నకు కొలతలే జవాబు చెబుతాయి. ఒక్కరే వండే ఇంట్లో గట్టుకూ గట్టుకూ మధ్య మూడున్నర అడుగులు, ఇద్దరు కలిసి పని చేసే ఇంట్లో 4 అడుగులు నడక దారి వదలాలి. మీ ఇంట్లో ఇద్దరు వండుతారు. పైగా సింకు నుంచి పెరటి తలుపుకు పోయే దారి కూడా ఆ సందే. అందువల్ల 4 అడుగులే తీసుకోండి. తూర్పు గట్టు 2, సందు 4, ఐలాండ్ రెండున్నర కలిపితే ఎనిమిదిన్నర. పడమటి వైపు ఇంకా మూడున్నర అడుగులు మిగులుతుంది, అవతల భోజనాల గది ఎలాగూ తెరిచే ఉంది. పొడవు 5 అడుగులు పెడితే రెండు కొసలా మూడేసి అడుగులు వస్తాయి. కనుక ఐలాండ్ పడుతుంది. పడమటి వైపు గోడ కట్టి ఉంటే మాత్రం వద్దనే చెప్పేవాణ్ణి.

వంటింట్లో వేసే అడుగులను లెక్కపెట్టి గది గీయడం కొత్త సంగతి కాదు. 1926లో జర్మనీలో రూపొందిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది వెడల్పు 2 మీటర్లు కూడా లేదు, అయినా చెయ్యి చాస్తే ప్రతి వస్తువూ అందేలా దాన్ని అమర్చారు. తర్వాత 1940ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య త్రికోణం అనే లెక్క వచ్చింది. ఒక్కో భుజం 4 అడుగులకు తగ్గకుండా 9 అడుగులకు మించకుండా, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలని ఆ లెక్క చెబుతుంది. మన ఇళ్లలో దీనికి నాలుగో మూల కూడా ఒకటి ఉందని నా అభిప్రాయం: బోళ్లు తోమే పెరడు. ఐలాండ్ ఆ దారికి అడ్డం పడితే మిగతా కొలతలు ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు.

మిర్యాలగూడ ఇల్లాలు

అక్కా, మా ఇంట్లో నాలుగేళ్లుగా పొయ్యి నడుమ గట్టు మీదనే ఉంది కనుక చెబుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి.

మే నెలలో మన జిల్లాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. తెరిచిన వంటింట్లో పంకా లేకుండా నిలబడలేము, పంకా వేస్తే పొయ్యి మంట పక్కకు వాలిపోతుంది. గోడ పక్కన ఉన్న పొయ్యికి ఆ గోడే ఒక వైపు కాపు. నడుమ పొయ్యికి నాలుగు వైపులా గాలే. మంట వాలినప్పుడు గిన్నె సరిగా కాగదు, సిమ్‌లో పెట్టిన మంట ఆరిపోయి గ్యాసు వాసన వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

రెండోది నూనె. పోపు వేసినా, చేప వేయించినా, గారెలు చేసినా నూనె చుక్కలు ఎగురుతాయి. గోడ ఉంటే పలకల మీద పడతాయి, తుడిస్తే పోతాయి. మా ఇంట్లో అవి అవతలి వైపు కుర్చీల మీద, నేల మీద పడుతున్నాయి. పొయ్యికి అవతలి వైపు కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్న మా చిన్నవాడి ముంజేతి మీద ఒకసారి ఆవాలు చిట్లి పడ్డాయి. మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి వంట జరుగుతున్నంతసేపూ ఆ కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి.

మూడోది చిమ్నీ. గోడ చిమ్నీ అయితే వెనకనే గోడకు రంధ్రం చేసి పొగ బయటికి పంపవచ్చు. ఐలాండ్ చిమ్నీ పైకప్పు నుంచి వేలాడుతుంది. దాని 6 అంగుళాల గొట్టం ఫాల్స్ సీలింగ్ లోపల వంపులు తిరుగుతూ బయటి గోడ దాకా పోవాలి. ప్రతి వంపు దగ్గరా లాగే బలం తగ్గుతుంది. మాది రెండు వంపులు తిరిగి 11 అడుగులు పోతుంది. అమర్చిన వారు అప్పుడు ఈ సంగతి చెప్పలేదు. మిరపకాయలు వేయిస్తే ఇల్లంతా దగ్గులే.

వనపర్తి ఆడబిడ్డ

మిర్యాలగూడ చెల్లెలి కష్టాన్ని కాదనడం లేదు, కానీ నేను అవతలి పక్షాన మాట్లాడవలసి ఉంది. మా అమ్మ ముప్పై ఏళ్లు గోడ వైపు ముఖం పెట్టి వండింది. ఇంటికి చుట్టాలు వచ్చి నవ్వుతూ మాట్లాడుకుంటుంటే ఆమెకు వీపు వెనక నుంచి మాటలు మాత్రమే వినిపించేవి; ఎవరైనా పిలిస్తే చేతిలో గరిటెతో వెనక్కి తిరిగి చూసేది. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు పొయ్యిని నడుమకు తెచ్చిన కారణం ఇదొక్కటే, ఆరేళ్లలో ఒక్క రోజు కూడా పశ్చాత్తాపపడలేదు. నా ఐలాండ్ పొడవు 7 అడుగులు, వెడల్పు మూడున్నర. పొయ్యికి, అవతల కూర్చునే వారికి మధ్య అడుగున్నర ఖాళీ, అక్కడ 9 అంగుళాల ఎత్తున గట్టి గాజు పలక ఉన్నాయి. పంకాను పొయ్యి మీద కాకుండా భోజనాల బల్ల మీద వేయించాము. వండే మనిషి ఇంటివాళ్ల ముఖాలు చూస్తూ వండాలన్న కోరిక ఆడంబరం కాదు. పంతులమ్మగారి భర్త అడిగింది కూడా బహుశా ఇదే అయి ఉంటుంది.

నాగర్‌కర్నూల్ ప్లంబింగ్ పని

నేను గొట్టాల సంగతి మాత్రమే చెబుతాను. గ్యాసు పొయ్యికి వాడే రబ్బరు గొట్టం మీటరున్నర మించకూడదు, అయిదేళ్లకు ఒకసారి మార్చాలి, గోడలోనో నేలలోనో దాచి తీసుకుపోకూడదు. అంటే నడుమ పొయ్యికి రెండే దారులు: సిలిండర్‌ను ఐలాండ్ లోపలే పెట్టడం, లేదా తెలిసిన పనివారితో రాగి గొట్టం వేయించడం. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది కనుక కారితే పైకి పోదు, నేలను పట్టుకుని ఉంటుంది. 14.2 కిలోల సిలిండర్‌ను తలుపులు బిగించిన అరలో పెడితే కారిన గ్యాసంతా ఆ అర అడుగున నిలుస్తుంది. పెట్టక తప్పకపోతే నేలకు ఆనుకుని రెండు వైపులా జాలీలు ఉండాలి.

సింకు నడుమకు తేవాలన్నా ఇంతే జాగ్రత్త కావాలి. మురికి నీటి గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి. 8 అడుగులు పోతే 2 అంగుళాలు దిగుతుంది. కింది అంతస్తులో నేల నింపే మట్టిలో అది సర్దుకుంటుంది. పై అంతస్తులో స్లాబును ముందే దించి పోయకపోతే వంటగది నేలనే ఎత్తు చేయాలి, గడప దగ్గర కాలు తగులుతుంది. ఫిల్టర్ నుంచి వచ్చే వృథా నీటికీ గొట్టం కావాలి కనుక సింకు, ఫిల్టర్ రెండూ గోడ దగ్గరే ఉంచమని నా సలహా.

సూర్యాపేట పెద్దాయన

అమ్మా, అసలు కదలని గట్టు ఎందుకన్నదే నా సందేహం. సంక్రాంతికి మా ఇంట్లో నలుగురు ఆడవాళ్లు నేల మీద బట్ట పరిచి, చుట్టూ కూర్చుని సకినాలు చుడతారు. సద్దుల బతుకమ్మ నాడు పూలన్నీ నేల మీదనే పోసుకుని బతుకమ్మను పేరుస్తారు. ఆ జాగాలో రాతి గట్టు కట్టుకుంటే ఏడాదికి పది రోజులు ఇల్లు ఇరుకవుతుంది. చక్రాలున్న టేకు బల్ల ఒకటి చేయించుకుంటే కావలసినప్పుడు నడుమకు, వద్దనుకున్నప్పుడు గోడ పక్కకు జరుపుకోవచ్చు.

పాలమూరు ఇంజనీరు

పెద్దాయన చెప్పిన నేల అవసరం నిజమైనదే, ప్లాన్లు గీసే మేము తరచూ మరిచేది కూడా అదే. కానీ చక్రాల బల్ల మీద జొన్న రొట్టె తట్టడం కష్టం. రొట్టె తట్టేటప్పుడు అరచేతితో పాటు భుజం బరువు కూడా పడుతుంది. చక్రాలకు తాళం వేసినా బల్ల ఊగుతుంది, పిండి అంచు చీలుతుంది.

వనపర్తి అక్కగారి మాట నన్ను ఆలోచింపజేసింది. ఇంటివాళ్ల వైపు ముఖం ఉండాలన్నది న్యాయమైన కోరిక. అయితే వంటలో పొయ్యి ముందు నిలబడే సమయం ఎంతో ఒకసారి చూడండి. ఆకుకూర ఏరడం, ఉల్లిగడ్డలు కోయడం, పప్పులో రాళ్లు ఏరడం, పిండి కలపడం, వడ్డనకు గిన్నెలు సర్దడం, వీటికే ఎక్కువ సేపు పడుతుంది. ఆ పనులన్నీ ఐలాండ్ మీద, ఇంటివాళ్ల వైపు తిరిగి చేసుకోవచ్చు. పోపు వేసే కాసేపు గోడ వైపు తిరిగితే నష్టం లేదు. వాస్తు పట్టింపు ఉంటే తూర్పు గోడకు పొయ్యి పెట్టడంతో అదీ తీరుతుంది. వనపర్తి అక్కగారూ, మీ ఐలాండ్ వెడల్పు మూడున్నర అడుగులు కనుక మీ అమరిక నడిచింది. రెండున్నర అడుగుల గట్టు మీద పొయ్యికీ పిల్లవాడికీ మధ్య ఆ దూరం రాదు.

వనపర్తి ఆడబిడ్డ

వెడల్పు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. రెండున్నర అడుగులకైతే నేనూ పొయ్యి వద్దనే అంటాను. గది పెద్దదైన చోట మాత్రం నా మాట నాదే. రొట్టె కాల్చే వారు పొయ్యి ముందు గంటసేపు నిలబడతారు, అది కాసేపు కాదు.

నల్లగొండ పంతులమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మావారు, నేను, అత్తమ్మ కలిసి ఆ గదిలో ముగ్గుపిండితో అన్ని గీతలూ గీసి చూశాము. తూర్పు గోడకు ఉత్తరపు కొసన సింకు, దక్షిణపు కొస వైపు పొయ్యి, నడుమ 5 అడుగుల ఐలాండ్. అత్తమ్మ నిండు బిందె పట్టుకుని సింకు నుంచి పెరటి తలుపు దాకా నడిచారు. అదే సమయంలో నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను, 4 అడుగుల సందులో ఒకరికొకరం తగలలేదు. సందును మూడున్నరకు తగ్గించి నడిస్తే ఆమె మోచేయి నాకు తగిలింది.

తప్పు మరో చోట బయటపడింది. ఉత్తరపు గోడకు ఫ్రిజ్ పెడదామనుకున్నాము. దాని లోతు రెండుంపావు అడుగులు పోగా ఐలాండ్ కొసకు ముప్పావు అడుగే మిగిలింది, తలుపే తెరుచుకోదు. అందుకని ఫ్రిజ్‌ను అదే గోడకు పడమటి కొసకు, ఐలాండ్ వరుస దాటించి జరిపాము. ఇప్పుడు ఫ్రిజ్ నుంచి పొయ్యికి దాదాపు 12 అడుగులు, సింకుకు 10 అడుగులు, సింకు నుంచి పొయ్యికి నాలుగున్నర. ఇంజనీరుగారి లెక్కకు ఇది మించుతోంది. ఇది ఇబ్బంది అవుతుందా?

పొయ్యి, సింకు నడుమకు రావు. మావారు కూడా ముగ్గు గీతల మధ్య నిలబడి చూసి ఒప్పుకున్నారు. ఎత్తు గురించి ఇంట్లో కొత్త చర్చ వచ్చింది. అత్తమ్మ మోచేయి నేల నుంచి 36 అంగుళాలు, నాది 40.

పాలమూరు ఇంజనీరు

మొత్తం 26 అడుగులను కొంచెమే దాటింది, దానికి భయపడకండి. ఫ్రిజ్ నుంచి తీసిన పాలు, కూరలు నేరుగా పొయ్యి దగ్గరికి పోవు, ముందు ఐలాండ్ మీద దిగుతాయి. ఆ దూరం మూడు నాలుగు అడుగులే. భోజనాల గదిలో వాళ్లు చల్లనీళ్లకు వంట సందులోకి రాకుండా ఉండటం పెద్ద లాభం.

ఎత్తు విషయంలో మోచేతికి 4 నుంచి 6 అంగుళాల దిగువ సరైనది. తూర్పు గట్టు మీ కొలతకు 34 అంగుళాలు, ఐలాండ్ అత్తమ్మగారి కొలతకు 31 అంగుళాలు పెట్టండి. రెండూ ఒకే ఎత్తున ఉండాలన్న నియమం లేదు. పడమటి వైపు రాయిని కూర్చునేందుకు అడుగు బయటికి చాపితే కింద ఇనుప బ్రాకెట్లు ఇవ్వండి.

పెద్దాయన మాటకు నాకు తోచిన దారి ఒకటి ఉంది. ఇటుకలతో కట్టకుండా ఇనుప చట్రం చేయించి, దాని మీద గ్రానైట్ బిగించండి. నేల బండలు దాని కింద కూడా పూర్తిగా పరిపించండి. రేపు వద్దనుకుంటే మరలు విప్పి తీయవచ్చు, కింద నేల చెక్కుచెదరకుండా ఉంటుంది. చట్రం బరువుకు రొట్టె తట్టినా కదలదు.

సూర్యాపేట పెద్దాయన

ఇనుప చట్రమైతే నాకు అభ్యంతరం లేదమ్మా. అయితే అడుగున అరలు నేల దాకా దించకుండా, చీపురు పోయేటంత జాగా వదలమనండి.

మిర్యాలగూడ ఇల్లాలు

మూలలు నాలుగూ గుండ్రంగా కోయించండి అక్కా. 31 అంగుళాల ఎత్తంటే పరిగెత్తే పిల్లల నుదురు సరిగ్గా అక్కడికే వస్తుంది. నల్ల గ్రానైట్ తీసుకోకండి. బోరు నీళ్ల తెల్లమరకలు రోజూ తుడవాలి, రొట్టె పిండి కూడా దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాగర్‌కర్నూల్ ప్లంబింగ్ పని

బండలు వేయకముందే తూర్పు గోడ నుంచి ఐలాండ్ కాలు దగ్గరికి కరెంటు పైపు ఒకటి వేయించండి. మిక్సీకి మామూలు సాకెట్టు చాలు, రేపు ఇండక్షన్ పొయ్యి పెట్టాలనిపిస్తే 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి కనుక దానికి తగిన మందపు తీగే ఇప్పుడు లాగించండి. పైపు ఎక్కడ వెళ్తోందో బండలు వేసే ముందు టేపు పక్కన పెట్టి ఫోటో తీసి ఉంచుకోండి.

నల్లగొండ పంతులమ్మ

ఫోటో తీసే పని మావారికి అప్పగించాను. మేస్త్రి సోమవారం వస్తున్నారు. ముగ్గు గీతలు చెరగకుండా గది తలుపుకు అడ్డంగా తాడు కట్టాము.