బాత్రూమ్ రీమోడలింగ్: కాంట్రాక్టర్ సగం డబ్బు ముందే అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

మియాపూర్_మూడో_అంతస్తు:
14 ఏళ్ల పాత అపార్ట్‌మెంట్. 8×5 అడుగుల బాత్రూమ్ మొత్తం కొట్టించి మళ్లీ వేయించాలి, కింద ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ దిగుతోంది. మెటీరియల్‌తో కలిపి 1,90,000కి గుత్త మాట్లాడుతున్నాడు. సగం అడ్వాన్స్, టైల్స్ మొదలవగానే 40 శాతం, మిగతాది చివర్లో. కొటేషన్ వాట్సాప్‌లో నాలుగు లైన్లు. వాటర్‌ప్రూఫింగ్ గురించి అడిగితే "అంతా మేం చూసుకుంటాం సార్" అంటున్నాడు.

రసమట్టం:
ఆ లెక్కన టైల్స్ మొదలయ్యేసరికి 90 శాతం ఆయన చేతిలో ఉంటుంది. అసలు తేడాలు బయటపడేది ఆ తర్వాతే. మిగిలిన 10 శాతం కోసం ఇంకో సైటు ఆపి మీ దగ్గరికి రాడు.

ఇలా అడగండి: అడ్వాన్స్ 15 శాతం, పగలగొట్టి చెత్త ఎత్తేశాక 15, పైపుల టెస్ట్ పాసయ్యాక 20, నీళ్లు నిలిపే టెస్ట్ పాసయ్యాక 20, టైల్స్, గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపే పేస్టు) అయ్యాక 20. చివరి 10 ఫిటింగ్స్ బిగించి నెల రోజులు వాడాక.

పైపుల టెస్ట్ అంటే కుళాయి తిప్పి చూడటం కాదు. సీపీవీసీ (గోడలో వేసే ప్లాస్టిక్ నీళ్ల పైపులు) అతికించిన మర్నాడు అన్ని చివర్లకూ క్యాపులు పెట్టి, హ్యాండ్ పంపుతో 7 కేజీల ప్రెషర్ ఎక్కించాలి. గంటసేపు పంపు మీది ప్రెషర్ మీటర్ ముల్లు దిగకూడదు. కుళాయిలు బిగించే చోట ఇత్తడి మరలున్న ఎల్బోలే వేయించండి, ప్లాస్టిక్ మరలు గట్టిగా బిగిస్తే చీలతాయి. ప్లాస్టరింగ్‌కి ముందు గోడ పక్కన టేపు పట్టి, పైపులు కనిపించేలా ఫొటోలు తీసుకోండి, రేపు అద్దానికి డ్రిల్ వేసేటప్పుడు అవే దిక్కు.

వాటర్‌ప్రూఫింగ్‌లో ఎక్కువగా లీకయ్యేది నేల, గోడ కలిసే మూలల్లో, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) చుట్టూ. మూలలు ముందు సిమెంటుతో గుండ్రంగా తిప్పించాలి. కోటింగ్ రెండు చేతులు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గోడ మీదకి అడుగు ఎత్తు, షవర్ దగ్గర 6 అడుగులు. ఆరాక ట్రాప్ మూసి అంగుళం నీళ్లు నిలిపి 48 గంటలు వదలండి.

మియాపూర్_మూడో_అంతస్తు:
అన్నా, నీళ్లు తగ్గితే "ఆవిరైపోయాయి సార్" అంటాడేమో?

రసమట్టం:
అంటాడు. అదే బాత్రూమ్‌లో ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్‌లో కూడా నీళ్లు పోసి మార్కర్‌తో గీత పెట్టండి, నేల దగ్గర గోడ మీదా గీత పెట్టండి. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరే. నేల మీదవే ఎక్కువ తగ్గితే లీకే.

పాత_మేస్త్రీ:
గుత్త అయినా కొలతలు మీ దగ్గర ఉంచుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు, 7 అడుగుల ఎత్తుకి 182. తలుపు 17 తీసేస్తే 165, నేల 40. మొత్తం 205, కోతల వృథా 10 శాతం కలిపితే 225 చదరపు అడుగులు. బాక్సులన్నీ ఒకే బ్యాచ్ నంబర్‌వి తీసుకోండి, తర్వాత తెచ్చిన టైల్ రంగు కలవదు.

నేల వాటం 80కి 1. అంటే 5 అడుగుల దూరానికి ముప్పావు అంగుళం. టైల్ అతికించకముందే నీళ్లు పోసి చూడండి. ఇంకొకటి, షవర్ డైవర్టర్ (నీళ్లను కుళాయికో, షవర్‌కో మళ్లించే వాల్వు) గోడలో పెట్టేటప్పుడు దాని ప్లాస్టిక్ కవర్ మీద రెండు గీతలుంటాయి. టైల్ పై ముఖం ఆ రెండింటి మధ్యకి రావాలి. లోతు ఎక్కువైతే హ్యాండిల్ అందదు, టైల్ పగలగొట్టాల్సిందే. ప్లంబర్, టైల్స్ మేస్త్రీ వేర్వేరు రోజుల్లో వస్తారు కాబట్టి ఇది చాలా సైట్లలో తప్పుతుంది.

అసోసియేషన్_సెక్రటరీ:
డబ్బు సంగతి సరే, చెమ్మ ఎక్కడిదో ముందు తేల్చుకోండి. రెండు రోజులు బాత్రూమ్ వాడకుండా ఉంచినా కింద తడి పెరుగుతుంటే కుళాయి లైన్ లీకు. స్నానం చేసినప్పుడే పెరిగితే నేలో, డ్రెయినో. చాలా ఫ్లాట్లలో డ్రెయిన్ పైపు స్లాబ్ కిందికి, అంటే కింది వాళ్ల బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ మీదికి వేలాడుతుంది. అక్కడి జాయింటు కారుతుంటే మీ నేల మీద ఎన్ని కోటింగ్‌లు వేసినా ఫలితం ఉండదు. కాబట్టి వాళ్ల సీలింగ్ విప్పడం, మళ్లీ బిగించడం కొటేషన్‌లో రాయించండి, లేకపోతే తర్వాత ఎక్స్‌ట్రా అంటారు. పగలగొట్టిన చెత్త సంచులు లిఫ్ట్‌లో ఎక్కించనివ్వరు, మెట్ల మీదుగా దించే కూలీ కూడా అందులోనే ఉండాలి. సంక్రాంతికి ముందు పని మొదలెట్టకండి, సగంలో మేస్త్రీలు ఊళ్లకి వెళ్తారు.