మద్యం మాన్పించే జంట చికిత్సకి ఆక్సిటోసిన్ స్ప్రే తోడు చేయాలా?

సైకియాట్రీ:
చేయాలనే నా వాదన. భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే సగం సెషన్ దెప్పిపొడుపులకే పోతుంది. ముక్కులో కొట్టే ఆక్సిటోసిన్, అంటే మనుషుల మధ్య అనుబంధంతో ముడిపడిన హార్మోన్, ఆ బిగింపు కొంత సడలిస్తే, చెప్పింది వినే వీలుంటుంది. ప్రయోగాల్లో 24 నుంచి 40 యూనిట్లు, సెషన్‌కి అరగంట, ముప్పావుగంట ముందు వాడుతున్నారు. తాగుడు వ్యసనానికి ఇది ఆమోదం పొందిన మందు కాదు, పరిశోధనలోనే ఉంది. అది దాచకుండా జంటకి చెప్పాలి.

ఫార్మసీ:
కొట్టే తీరులోనే చాలామందికి మందు వృథా అవుతుంది. పిచికారీకి 4 యూనిట్లు వచ్చే సీసా అయితే 40కి పదిసార్లు కొట్టాలి, ముక్కు రంధ్రానికి ఐదేసి, మార్చి మార్చి. ముందు చీదుకోవాలి. గట్టిగా ఎగపీలిస్తే గొంతులోకి జారి, కడుపులో అరిగిపోతుంది. ఇది తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క కదా. జలుబున్న రోజు లెక్క తప్పుతుంది. గర్భిణికి వద్దు, గర్భాశయం సంకోచిస్తుంది. ఒంట్లో నీరు నిలిపే గుణం కూడా ఉంది, తాగేవాళ్లలో సోడియం తరచూ తక్కువే ఉంటుంది కాబట్టి రక్తపరీక్ష చేశాకే మొదలుపెట్టండి.

ఫ్యామిలీ కౌన్సెలర్:
సైకియాట్రీ గారూ, ఈ హార్మోన్ ప్రేమ పుట్టించదు. భయం, అనుమానం ఉన్నచోట వాటినే పెంచవచ్చు. కొట్టే మనిషి పక్కన కూర్చున్నవారికి బెరుకు తగ్గించడం ప్రమాదం. అందుకే ఇద్దరినీ విడివిడిగా అడిగి, తీవ్ర హింస ఉంటే జంట చికిత్సే పెట్టం.

అసలు పని ఇంట్లో జరుగుతుంది. జంట ఒక ఒప్పందం చేసుకోవాలి: తాగుడు మానే వ్యక్తి రోజూ ఒకే వేళకి "నిన్న తాగలేదు, ఇవాళా తాగను" అనాలి. అవతలివారు "సంతోషం, థాంక్స్" అనాలి. తాగాలనే కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర 50 మి.గ్రా. వాళ్ల ఎదుటే వేసుకుని, క్యాలెండర్‌లో టిక్ పెట్టాలి. ఆ రెండు నిమిషాల్లో పాత గొడవ ఎత్తకూడదు. ఇది చెడేది ఎక్కడంటే, భాగస్వామి జేబులు వెతకడం, నోరు వాసన చూడడం మొదలుపెట్టినప్పుడు. అప్పుడు ఒప్పందం కాస్తా కాపలా అవుతుంది, తాగుడు చాటుకి పోతుంది. ఏ స్ప్రే దాన్ని ఆపదు.

సైకియాట్రీ:
హింస విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ నేను అడిగేది ఇంటికిచ్చే స్ప్రే కాదు, క్లినిక్‌లో, థెరపిస్ట్ ఎదుట, సెషన్ రోజున మాత్రమే. అదీ విత్‌డ్రాయల్, అంటే తాగుడు ఆపగానే వచ్చే ఇబ్బందులు, దాటాకే. వణుకు, ఫిట్స్ ముప్పు ఉన్నవాళ్లకి ముందు బెంజోడయాజెపైన్ (నరాల్ని శాంతపరిచే మందు), థయామిన్ (విటమిన్ బి1).

ఫార్మసీ:
అలాగైతే నాల్ట్రెక్సోన్ ఆపకుండా ఇవ్వండి. ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి) నొప్పి మాత్రలు వాడుతుంటే మాత్రం అది పనికిరాదు. అప్పుడు కిడ్నీలు బాగుంటే, తాగకుండా నిలబడడానికి తోడ్పడే అకాంప్రోసేట్ 666 మి.గ్రా. రోజుకు మూడుసార్లు.