నావిగేటర్‌లో ముందే గీసి పెట్టుకున్న రూట్, తెరిచేసరికి వేరే దారి చూపిస్తోంది. ఎందుకు?

నీలికారు:

నమస్తే అందరికీ. సెలవుల్లో కుటుంబమంతా కార్లో దూర ప్రయాణం పెట్టుకున్నాం. మా నాన్నగారు కూడా వస్తున్నారు. ఆయనకి ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని గంటన్నరకో చోట దిగి కాస్త నడిచేలా, ఆగాల్సిన చోట్లన్నీ ముందే వెతికి పెట్టుకున్నాను. పైగా నాకు హైవే మీద పోవడం కంటే నది వెంబడి వెళ్ళే పాత రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళాలని ఉంది. అసలు కార్లో బయల్దేరుతున్నదే ఆ రోడ్డు కోసం.

కంప్యూటర్ ముందు కూర్చుని ప్లానింగ్ ప్రోగ్రామ్‌లో రూట్ అంతా గీశాను. జీపీఎక్స్ ఫైల్‌గా కారు నావిగేటర్‌లోకి ఎక్కించాను. తీరా అందులో తెరిచి చూస్తే నేను గీసిన దారి కాదది. నది రోడ్డు సగంలో వదిలేసి హైవే ఎక్కేస్తోంది. ఇంకోచోట మెయిన్ రోడ్డు నుంచి పక్కకి ఓ చిన్న తోకలాంటి గీత: లోపలికి వెళ్ళడం, అక్కడే తిరిగి వెనక్కి రావడం. నేను గీసినప్పుడు అది లేదు. మొత్తం దూరం కూడా కంప్యూటర్‌లో చూపించిన దానికంటే ఎక్కువ వస్తోంది.

డివైజ్ పాడైందా, ఫైల్ పాడైందా? ప్రయాణం మొత్తానికి ఒకే రూట్ పెట్టాలా, ఏ రోజుకారోజు విడగొట్టాలా? ఇదంతా ఎందుకు, ఫోన్ చాలదా అంటున్నాడు మా బావమరిది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. నాన్నగారిని కూర్చోబెట్టుకుని దారి వెతుక్కునే టెన్షన్ నాకొద్దు.

పటాలపిచ్చి:

నీలికారు గారూ, డివైజూ పాడవలేదు, ఫైలూ పాడవలేదు. జీపీఎక్స్‌లో ఏముంటుందో తెలిస్తే మీ సమస్య సగం తీరినట్టే. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ ఫైల్లో మూడు రకాలవి ఉండొచ్చు. వేపాయింట్ అంటే ఒక్క చోటు, అంతే. రూట్ అంటే వరసలో పెట్టిన కొన్ని చోట్లు. ట్రాక్ అంటే దగ్గర దగ్గరగా పెట్టిన చుక్కలతో గీసిన గీత. మీరు ఎక్కించింది రూట్. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య ఏ రోడ్డు పట్టుకోవాలో మామూలుగా రూట్‌లో ఉండదు. ఆ ఖాళీని నావిగేటర్ తన దగ్గరున్న మ్యాప్‌తో, తన సెట్టింగ్‌లతో మళ్ళీ లెక్క కట్టి నింపుకుంటుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు మధ్యలో రోడ్డు వివరాలు కూడా జోడించి పంపుతాయి కానీ, కంప్యూటర్‌లో మ్యాప్ వెర్షన్ ఒకటి, డివైజ్‌లో ఇంకొకటి ఉంటే అదీ లాభం లేదు, మళ్ళీ మొదటినుంచి లెక్కే. ముందు ఆ రెండు వెర్షన్లూ ఒకటేనా చూడండి.

తర్వాత సెట్టింగ్‌లు. నది రోడ్డు వదిలి హైవే ఎక్కుతోందన్నారు కదా, నాకు రెండు అనుమానాలు. ఒకటి, కంప్యూటర్‌లో "తక్కువ దూరం" అనీ, డివైజ్‌లో "తక్కువ సమయం" అనీ ఉండి ఉంటుంది. తక్కువ సమయం అడిగితే అది హైవే వైపే మొగ్గుతుంది. రెండోది నాకు ఎక్కువ అనుమానం: తప్పించాల్సిన రోడ్ల జాబితా. టోల్ రోడ్లు, ఫెర్రీలు, మట్టి రోడ్లు, యూటర్న్‌లు, వీటిల్లో ఏవి వద్దో చాలా డివైజ్‌లలో టిక్ పెట్టుకోవచ్చు. పాత రోడ్లలో ఎక్కడో ఒక చిన్న ముక్క మ్యాప్‌లో మట్టి రోడ్డుగా నమోదై ఉంటుంది. నిజంగా అక్కడ తారు ఉన్నా సరే, మ్యాప్‌లో అలా ఉంటే డివైజ్ ఆ ముక్కని తప్పించడానికి బోలెడు దూరం చుట్టూ తిప్పుతుంది. కంప్యూటర్‌లో ఏ టిక్‌లు ఉన్నాయో డివైజ్‌లోనూ సరిగ్గా అవే ఉండాలి.

ఇక ఆ తోక. ఇది పూర్తిగా పాయింట్ ఎక్కడ పడింది అన్నదాని మీద ఉంటుంది. మ్యాప్ దూరంగా ఉన్నప్పుడు రోడ్డు మీద క్లిక్ చేస్తే, చూడ్డానికి రోడ్డు మీదే పడినట్టుంటుంది. బాగా జూమ్ చేసి చూడండి, అది పక్క సందులోనో, సర్వీస్ రోడ్డు మీదో, డివైడర్‌కి అవతలి వైపో ఉంటుంది. డివైజ్ దృష్టిలో ఆ సందులోకి వెళ్ళి రావడం మీరు ఇచ్చిన ఆర్డర్. డివైడర్ అవతల పడితే ఇంకా ఘోరం: ముందుకు పోయి ఎక్కడో యూటర్న్ తీసుకుని, ఆ చుక్కని తాకి, ఇంకో యూటర్న్‌తో మళ్ళీ వస్తుంది. అలాగే ఊరి పేరు టైప్ చేసి పెట్టిన పాయింట్ ఎక్కువసార్లు ఊరి నడిబొడ్డున పడుతుంది. బైపాస్ మీద హాయిగా పోవాల్సిన బండి మార్కెట్ రోడ్డులో ఇరుక్కుంటుంది.

అందుకే నేను జంక్షన్ మీద పాయింట్ ఎప్పుడూ పెట్టను. అక్కడ అది ఏ రోడ్డుకి అంటుకుంటుందో చెప్పలేం. మలుపు తిరిగాక, నాకు కావలసిన రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి, చుట్టుపక్కల ఇంకో రోడ్డు లేని చోట పెడతాను. మీ నది రోడ్డుకైతే మొదట్లో ఒకటి, హైవేకి దారి చీలే ప్రతి చోటు దాటాక ఒక్కొక్కటి, చివర్లో ఒకటి చాలు. ఎక్కడపడితే అక్కడ పాయింట్లు కుమ్మరించకండి. పాయింట్లు ఎక్కువయ్యేకొద్దీ వాటిలో ఒకటి పక్కకి పడే అవకాశమూ పెరుగుతుంది.

పాయింట్లలో రెండు రకాలున్నాయి, ఇది మీ నాన్నగారి విషయంలో ముఖ్యం. గార్మిన్ వాళ్ళ ప్లానింగ్ ప్రోగ్రామ్ బేస్‌క్యాంప్‌లో అయితే, చేరినప్పుడు అలర్ట్ ఇచ్చేవి వయా పాయింట్లు, అలర్ట్ ఇవ్వకుండా దారిని అటు వంచడానికి మాత్రమే పనికొచ్చేవి షేపింగ్ పాయింట్లు. మీరు దిగి నడిచే చోట్లన్నీ వయా పాయింట్లుగా పెట్టండి, వాటికి మీకు అర్థమయ్యే పేర్లు పెట్టండి. నది రోడ్డు మీద పెట్టేవన్నీ షేపింగ్ పాయింట్లుగా మార్చండి. లేకపోతే ఏమీ లేని చోట ప్రతిసారీ "గమ్యం చేరుకుంటున్నారు" అని చెవిలో ఊదరగొడుతుంది.

చివరిగా నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది ఒకటుంది. అదే రూట్‌ని ట్రాక్‌గా కూడా మార్చి డివైజ్‌లో వేసుకోండి. ట్రాక్‌ని మ్యాప్ మీద ఉత్త గీతగా చూపించమంటే డివైజ్ దాన్ని లెక్క కట్టదు, మార్చదు, మీరు గీసింది గీసినట్టే ఉంచుతుంది. దానికి ముదురు నీలమో ఆకుపచ్చో రంగు ఇచ్చి పెట్టండి. పైన రూట్ గీత నడుస్తుంటుంది, కింద ట్రాక్ కనిపిస్తుంటుంది. రెండూ విడిపోయాయంటే డివైజ్ సొంత నిర్ణయం తీసుకుందని మలుపు రాకముందే తెలిసిపోతుంది. నోటితో చెప్పే సూచనల కంటే నేను ఆ గీతనే నమ్ముతాను.

రెండుచక్రాలు:

పటాలపిచ్చి గారు చెప్పిందంతా కరెక్ట్. నేను బైక్ మీద తిరిగేవాణ్ణి, స్క్రీన్ మాటిమాటికీ ముట్టుకునే వీలుండదు కాబట్టి ముందు ప్లానింగే నాకు ప్రాణం. నేను రెండు మూడు విషయాలు కలుపుతాను.

ఏ రోజుకారోజు విడగొట్టండి. పెద్ద రూట్ లెక్క కట్టడానికి డివైజ్ చాలాసేపు తీసుకుంటుంది, ఒకచోట మారిస్తే మొత్తం మళ్ళీ లెక్క కడుతుంది. పైగా ఒక రూట్‌లో ఎన్ని పాయింట్లు పట్టాలన్న దానికి డివైజ్‌కో పరిమితి ఉంటుంది. టామ్‌టామ్ కంపెనీ నావిగేటర్లు వాడే పాత ఐటీఎన్ రకం రూట్ ఫైళ్ళలో అది 48. మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. పేర్ల ముందు 01, 02 అని వేస్తే జాబితాలో వరసగా కనిపిస్తాయి.

ప్రతి రోజు రూట్‌కీ మొదటి పాయింట్‌ని రాత్రి బస చేసిన గేటు ముందే పెట్టకండి. పొద్దున్నే పెట్రోల్ కోసం ఇంకోవైపు వెళ్ళారనుకోండి, రూట్ మొదలుపెట్టగానే అది మిమ్మల్ని మళ్ళీ ఆ గేటు దగ్గరికే లాక్కొస్తుంది. ఊరు దాటాక, ఎటునుంచి వచ్చినా తప్పకుండా ఎక్కాల్సిన రోడ్డు మీద పెట్టండి.

రీక్యాలిక్యులేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దారి తప్పినప్పుడు తనంతట తాను కొత్త దారి వెయ్యాలా, అడిగి వెయ్యాలా, అసలు వెయ్యకూడదా అని. మీలాంటి ప్రయాణానికి "అడిగి వెయ్యి" మంచిది. ఆటోమేటిక్‌లో ఉంటే, నాన్నగారి కోసం రోడ్డు పక్కకి దిగి నీడలో ఆపినంత మాత్రాన కొత్త దారి లెక్క కట్టేస్తుంది.

ఇంకొకటి. డివైజ్ చూపించే సమయం చక్రాలు తిరుగుతున్నప్పటిది మాత్రమే. మలుపుల రోడ్డు మీద అది చెప్పినంత తొందరగా చేరరు. మీ విరామాల సమయం విడిగా కలుపుకుని, చీకటి పడేలోపు చివరి మజిలీ చేరేలా రోజుని గీసుకోండి. కొన్ని ప్లానర్‌లలో ప్రతి వయా పాయింట్ దగ్గర ఎంతసేపు ఆగుతారో కూడా రాసుకోవచ్చు.

ముందుసీటు:

మా ఇంట్లో బండి నడిపేది మా ఆయన, దారి చూసే పని నాది. ఫోన్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను.

ఫోన్ పనికిరాదని నేననను. ఉపగ్రహాల సిగ్నల్‌కి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, కనీసం నాలుగు దొరికితే ఫోన్‌కైనా నావిగేటర్‌కైనా చోటు తెలిసిపోతుంది. నెట్ కావలసింది మ్యాప్ కోసం. నెట్‌వర్క్ లేని చోట చాలామంది ఫోన్‌లో నీలం చుక్క ఖాళీ తెర మీద తిరుగుతుండేది అందుకే. బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకుంటే ఆ బెంగ ఉండదు. ఓస్మాండ్ లాంటి యాప్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దించుకుని, మీరు నావిగేటర్‌లో వేసిన జీపీఎక్స్ ఫైల్‌నే తెరవొచ్చు.

అయినా మేం నావిగేటర్‌నే ముందు పెడతాం. అద్దం దగ్గర ఎండలో, ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. మధ్యలో కాల్ వస్తే మలుపు సూచన వినపడదు. ఫోన్ నా చేతిలో ఉంటుంది, రాబోయే రోడ్డు ముందే చూడ్డానికి.

ఆగే చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఒక కాగితం మీద కూడా రాసుకోండి. పార్కులకీ, నది ఒడ్డు చోట్లకీ చిరునామాలు ఉండవు, ఈ అంకెలే గతి. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. దశాంశం తర్వాత ఐదు అంకెలుంటే సుమారు ఒక మీటరు తేడాలో చోటు దొరుకుతుంది. కానీ డివైజ్ ఏ పద్ధతిలో అడుగుతోందో చూసి టైప్ చెయ్యాలి. దశాంశంలో 40.50 డిగ్రీలంటే 40 డిగ్రీల 30 నిమిషాలు, 50 నిమిషాలు కాదు. ఆ 20 నిమిషాల తేడా ఉత్తర దక్షిణాల్లో దాదాపు 37 కిలోమీటర్లు!

నీలికారు:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. ఇప్పుడే అన్నీ చూశాను. పటాలపిచ్చి గారి అనుమానమే నిజం, డివైజ్‌లో మట్టి రోడ్లు వద్దని టిక్ ఉంది, కంప్యూటర్‌లో లేదు. అది తీసేసి రూట్ మళ్ళీ ఎక్కించగానే నది రోడ్డు మొత్తం వచ్చేసింది! తోక ఉన్న చోట జూమ్ చేస్తే పాయింట్ ఒక గోడౌన్‌కి వెళ్ళే సందులో ఉంది. దాన్ని మెయిన్ రోడ్డు మీదికి లాగితే తోకా పోయింది, దూరమూ సరిపోయింది. ట్రాక్ ఆకుపచ్చ రంగులో వేశాను.

ఇంకొక్క సందేహం. ఆగాలనుకున్న చోట నాన్నగారు నిద్రపోతున్నారనుకోండి, లేపకుండా ముందుకు వెళ్ళిపోతాం. అప్పుడు డివైజ్ మమ్మల్ని ఆ చోటికే వెనక్కి రమ్మంటుందా?

పటాలపిచ్చి:

రమ్మంటుందండీ. వయా పాయింట్‌ని తాకే తీరాలి అన్నది దాని లెక్క. కొన్ని మోడళ్ళలో తర్వాతి పాయింట్‌ని వదిలెయ్యడానికి "స్కిప్" బటన్ ఉంటుంది, దాన్ని ప్రయాణానికి ముందే మ్యాప్ తెర మీదికి తెచ్చి పెట్టుకోండి. అది లేకపోతే ఒక పక్కన బండి ఆపి, నడుస్తున్న రూట్ ఆపేసి, అదే రూట్ మళ్ళీ మొదలుపెట్టండి. ఎక్కడికి ముందు వెళ్ళాలని అడిగినప్పుడు దాటేసిన దాన్ని కాకుండా దాని తర్వాతి పాయింట్‌ని ఎంచుకోండి.

ఈ పనంతా ఇంట్లోనే ఒకసారి చేసి చూడొచ్చు. సెట్టింగ్‌లలో జీపీఎస్ సిమ్యులేటర్ ఉందేమో వెతకండి. అది ఆన్ చేస్తే బండి కదలకుండానే రూట్ మీద బొమ్మ కారు నడుస్తుంది. నది రోడ్డు రోజుది పూర్తిగా నడిపించి, స్కిప్ నొక్కి, అది ఎటు తిప్పుతోందో చూడండి. మీ ఆవిడ పక్కసీట్లో కూర్చునేటట్టయితే ఆవిడ చేత కూడా నొక్కించండి. అన్నట్టు, బయల్దేరే ముందు సిమ్యులేటర్ ఆఫ్ చెయ్యడం మర్చిపోకండి, లేకపోతే ఉపగ్రహాలు దొరకడం లేదని కంగారు పడతారు.