బిబ్ లెట్యూస్ చేదెక్కిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

ఫ్రిస్కో పెరడు:
డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటామండీ. గోంగూర, తోటకూర, బచ్చలి నాలుగేళ్లుగా పెంచుతున్నా, ఏనాడూ టెన్షన్ లేదు. ఈసారి ముచ్చటపడి పాతకాలపు బటర్ లెట్యూస్ (పచ్చిగా సలాడ్‌లో తినే ఆకు), బిబ్ రకం తెప్పించా. ఏప్రిల్ చివర్లో ధనియాలు వేసినట్టే అర అంగుళం మట్టి కప్పాను. రెండు వారాలైనా ఒక్కటీ మొలవలేదు. మళ్లీ కుండీలో పైపైన చల్లితే ఏడు మొలిచాయి. జూన్ ఆఖరుకల్లా అవి కూడా జానెడు కాడ లేపేశాయి. తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు ఓ ఆకు నమిలి, "అమ్మాయ్, ఇది కూరాకా, కషాయమా?" అన్నారు. కాడ విరిస్తే జిల్లేడులా తెల్లగా పాలు! విత్తనాలు నాసిరకమంటారా?

కెంటకీ తోటమాలి:
విత్తనాల్ని ఏమీ అనకండి. చిక్కంతా నెలతోనూ, ఆ ధనియాల లెక్కతోనూ వచ్చింది.

నేను లెక్సింగ్టన్‌లో ఉంటాను. బిబ్ మా పక్కూరిదే. మా కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జాన్ బిబ్ అనే ఆయన 19వ శతాబ్దంలో పెరట్లో పెంచి, ఇరుగుపొరుగుకి పంచిపెట్టిన రకం. ఎండలు ముదిరితే ఇక్కడే కాడ లేపి చేదెక్కిపోతుంది, ఇక టెక్సాస్ సంగతి చెప్పాలా!

ఈ విత్తనం వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. చల్లి, అరచేత్తో అద్ది, పైన చిటికెడు మట్టి దులిపితే చాలు. మట్టి వేడి 80 ఫారన్‌హీట్ దాటితే మొండికేస్తుంది. ఆగస్టులో నేనైతే తడి పేపర్ టవల్లో చుట్టి, ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె పక్కన మూడు రోజులు ఉంచి, నీడలో ట్రేలో వేస్తా. (ఓసారి మా ఆవిడ చెత్త అనుకుని పారేసింది. అప్పట్నుంచి డబ్బా మీద పేరు రాస్తున్నా.)

మీరు అక్టోబరు మొదట్లో నారు నాటండి, ఎనిమిది అంగుళాల ఎడంతో. కాస్త మంచు పడినా ఏం కాదు. నీళ్లు గడ్డకట్టే రాత్రి మాత్రం పాత దుప్పటి కప్పండి.

మిద్దెతోట, కూకట్‌పల్లి:
మా మేడ మీద నవంబరులో వేసి ఫిబ్రవరి మొదట్లో దుకాణం కట్టేస్తాను. నేను వేసేది బటర్‌క్రంచ్. బిబ్ నుంచి కార్నెల్ యూనివర్సిటీలో తీసిన రకం, 1963లో, కొత్త విత్తన రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ అవార్డు వచ్చింది. వేడికి బిబ్ కంటే కొంచెం ఓర్చుకుంటుంది. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉండాలి. తెల్లారగానే కోయండి. మా ఇంట్లో దోసకాయ ముక్కలు, వేరుశనగ పొడి, నిమ్మరసం కలిపి తింటాం. పిల్లలు పొడి కోసం తింటారు, అది వేరే సంగతి.

ఫ్రిస్కో పెరడు:
థాంక్సండీ. ఏడింట్లో ఆరు పీకేశా. అన్నిటికంటే ఆలస్యంగా కాడ లేపిన ఒక్కదాన్ని మామయ్యగారు పీకనివ్వలేదు. ఇప్పుడు పసుప్పచ్చ పూలు, బుల్లి చేమంతుల్లా ఉన్నాయి. దాని గింజలు పనికొస్తాయా?

కెంటకీ తోటమాలి:
చేమంతి కుటుంబమేగా మరి! లెట్యూస్ తనలో తనే పరాగ సంపర్కం చేసుకుంటుంది, కాబట్టి గింజ నుంచి బిబ్బే వస్తుంది. మామయ్యగారు ఉంచింది సరైన మొక్కనే. ముందు కాడ లేపినదాని గింజ దాస్తే ఆ తొందరే మళ్లీ వస్తుంది. పూసిన రెండు వారాలకి తెల్లటి నూగు కనపడుతుంది. అప్పుడు వేళ్లతో నలిపితే గింజ రాలుతుంది. ముందుగానే పూల మీద కాగితం సంచి తొడగండి. పోయినేడు నా గింజలన్నీ గోల్డ్‌ఫించ్ పిట్టలే తినేశాయి.