మారథాన్ ట్రైనింగ్‌లో సంగటి మానేయాలా? పరుగెత్తినా బరువు ఎందుకు తగ్గట్లేదు?

అనంత_రన్నర్ (అనంతపురం):
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ చేద్దామని పేరిచ్చాను. 42.195 కిలోమీటర్లు. వారం మధ్యలో ఆర్డీటీ స్టేడియం వైపు చిన్న పరుగులు, ఆదివారం బళ్లారి రోడ్డులో లాంగ్ రన్. ఎండ ముదరకముందే ముగించాలని చీకట్లోనే లేస్తున్నా. సన్నబడదామని మొదలుపెట్టిన పని ఇది, తూకం చూస్తే కిలోన్నర పెరిగింది! ప్యాంటు నడుము దగ్గర వదులు, తొడల దగ్గర బిగుతు. మా అమ్మేమో "చెంపలు పీక్కుపోయినాయి, ఆస్పత్రిలో చూపించుకో" అంటుంది. మా గ్రూపులో రెండు పార్టీలు. సంగటి, అన్నం మొత్తం మానేసి గుడ్లు, చికెన్ మీదే ఉండమని ఒక పార్టీ. ఆకలేసినంత తినమని ఇంకో పార్టీ. ఎవరి మాట వినాలి?

బురుజు_పక్కోడు (కర్నూలు):
మొదటి పార్టీ నాదే తమ్ముడూ. పరుగెత్తి సన్నబడతామనేది మనకు మనం చెప్పుకునే కథ. లెక్క చూడు. కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే 700. ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు అందులో కొంత ఉంటుంది, అది తీసెయ్. ఆ తర్వాత మనోళ్లు ఏం చేస్తారు? చెమట కూడా ఆరకముందే ఉగ్గాని బండి దగ్గర తేలతారు. బొరుగులు తేలికే, వాటి తప్పేం లేదు. పక్కన మిరపకాయ బజ్జీలు నాలుగు, వేడిగా దింపాడని ఇంకో రెండు, చక్కెర నిండా టీ. "ఈరోజు 18 కొట్టినా" అని మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రం దాకా మంచం దిగరు. ఖర్చుపెట్టింది పోయి, పైన మిగులు.

టాంజానియాలో హడ్జా అనే వేటగాళ్ల తెగ ఉంది. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం వాళ్ల రోజువారీ శక్తి ఖర్చు కొలిచి 2012లో ప్రచురించింది. పొద్దంతా తిరిగే ఆ మనుషులు, ఒంటి సైజును బట్టి సరిచూస్తే, పట్నాల్లో కుర్చీలో కూర్చునే అమెరికా, యూరప్ వాళ్లకంటే ఎక్కువేమీ ఖర్చు చేయట్లేదని తేలింది. ఒళ్లు ఒకచోట ఖర్చుపెడితే ఇంకోచోట చేయి బిగిస్తుంది. పైగా మనవాళ్లను బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటితేనే ఓవర్‌వెయిట్ అంటున్నారు, ఇంటింటికీ షుగర్ ఉంది. ముద్ద తగ్గించాల్సిందే.

పాలకొండల_అక్క (కడప):
నేను డైటీషియన్‌ని, పరిగెత్తుతాను కూడా. బజ్జీల దాకా అన్న చెప్పింది అక్షరాలా నిజం. నా గొడవంతా సంగటి దగ్గరే.

ముందు ఆ కిలోన్నర సంగతి. ట్రైనింగ్ పెరిగేకొద్దీ కండరాలు గ్లైకోజెన్‌ను, అంటే పిండిపదార్థం నుంచి తయారయ్యే నిల్వ ఇంధనాన్ని, ఎక్కువ దాచుకుంటాయి. ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు చేరతాయి. రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, కూడా పెరుగుతుంది. నీ తూకం చాలావరకు అక్కడిదే అయ్యుంటుంది, లేకపోతే నడుము వదులవ్వదు. ఆ మిషన్ అటక మీద పడేసి టేపు తీసుకో తమ్ముడూ. నెలకోసారి, పొద్దున పరగడుపున నడుము కొలుచుకో. మన దగ్గర మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దుగా పెడతారు.

చెంపలు పోవడం మన చేతిలో లేదు, కొవ్వు ఎక్కడినుంచి కరగాలో మనం చెప్పలేం. కానీ భుజాలు, చేతులు కూడా సన్నబడుతుంటే మాత్రం అమ్మ మాట వినాలి. అది కండ కరగడం కావచ్చు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ పడాలి. గుడ్లు, పెరుగు, పప్పు, ఉలవలు, గుప్పెడు బుడ్డలు (వేరుశనగలు). వారానికి రెండుసార్లు బరువులు ఎత్తితే ఇంకా మంచిది.

ఇక ముద్ద. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ మొత్తం సుమారు 2,000 క్యాలరీలు. 70 కిలోల మనిషికి ఫుల్ మారథాన్‌కు 2,900 దాకా కావాలి. 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు మొరాయించేది అందుకే. ఉన్న కాస్త నిల్వా నింపకుండా ఆదివారం రోడ్డెక్కితే ఎట్లా?

బురుజు_పక్కోడు:
మిగతాది కొవ్వు నుంచి రాదా అక్కా? కీటో, అంటే పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తిని, పరిగెత్తేవాళ్లు లేరా?

పాలకొండల_అక్క:
ఉన్నారన్నా. మెల్లగా పోతే నడుస్తుంది. కొవ్వు మండాలంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అదే వేగానికి ఆయాసం పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో లూయీజ్ బర్క్ బృందం పెద్ద స్థాయి రేస్ వాకర్ల (నడక పోటీల వాళ్ల) మీద పరీక్షించి 2017లో ప్రచురించింది. కార్బ్స్ (పిండిపదార్థాలు) తిన్నవాళ్ల టైమింగ్ మెరుగైంది, కీటో వాళ్లది కాలేదు. కెన్యా రన్నర్లు తినే ఉగాలి ఏంటనుకున్నావ్? మొక్కజొన్న పిండి గట్టిగా ఉడికించి, ముద్ద చేసి, కూరలో అద్దుకుంటారు. కర్నూలులో ఎవరి ముందు పెట్టినా సంగటే అంటారు.

తుంగభద్ర_గాలి (కర్నూలు):
ఇద్దరూ మగవాళ్ల లెక్కలే మాట్లాడుతున్నారు. మా చెల్లెలు హాఫ్ మారథాన్‌కు ట్రైన్ అవుతూ రాత్రి తిండి మానేసింది. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా "ఎంత స్లిమ్ అయినావే, మాకూ చెప్పవే" అనేవాళ్లే. అంతమంది మెచ్చుకుంటుంటే ఎవరు ఆపుతారు? నెలసరి ఆగిపోయింది. పరుగు టెన్షన్ అనుకుంది. తర్వాత పిక్క ముందు ఎముకలో సన్నని పగులు. డాక్టర్ కాలు చూడకముందే "నెలసరి వస్తోందా? రాత్రి ఏం తింటున్నావ్?" అని అడిగింది. ఖర్చుకు తగ్గ తిండి లేకపోతే ఒళ్లు ముందు అట్లాంటి పనులే ఆపేస్తుందట. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది. మగవాళ్లకూ వస్తుంది, హార్మోన్లు పడిపోతాయి. నెలసరి లేదు కాబట్టి వాళ్లకు తొందరగా తెలియదు, అంతే. ముద్ద తగ్గించమని సలహా ఇచ్చే ముందు ఎవరికి ఇస్తున్నారో చూడండి అన్నా.

బురుజు_పక్కోడు:
మీ చెల్లెలికి నేను ఆ సలహా ఇచ్చేవాణ్ణి కాదు మేడమ్. బొజ్జ ఉన్నోడికి ఇస్తా. ఆ తేడా అయితే ఉంది కదా.

పాలకొండల_అక్క:
ఉంది. బొజ్జ తగ్గాలంటే లాంగ్ రన్ లేని రోజు, రాత్రి పూట ఒక ముద్ద తగ్గించుకో, కాదనను. రన్‌కు ముందు రాత్రి, రన్ అయిన వెంటనే మాత్రం వద్దు. ఒకేసారి రెండు పనులూ గట్టిగా చేస్తే రెండూ చెడతాయి. సన్నబడటం ట్రైనింగ్ మొదట్లో పెట్టుకోవాలి, కిలోమీటర్లు పెరిగాక కాదు.

హంద్రీ_పెద్దాయన (కర్నూలు):
శెనక్కాయ పీకే కాలంలో మా చేనికి రండి. ఫీజు లేదు, టీషర్టు లేదు. సంగటి నేను పెడతా.

అనంత_రన్నర్:
😂 వస్తా పెద్దాయనా. అక్కా, లాంగ్ రన్ రోజు ఏం తినాలో కూడా చెప్పు. మొన్న రాత్రి ఉలవచారు పోసుకుని తిని పోతే నా కష్టం పగవాడికి వద్దు.

పాలకొండల_అక్క:
ముందు రాత్రి ఉలవచారు ఎవరు తినమన్నారు నిన్ను! అన్నం, పలచటి పప్పు, పెరుగు, చాలు. కారం తగ్గించు. పొద్దున ఒక అరటిపండు. గంట దాటే పరుగైతే ఆపై గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ వెళ్లాలి. ఖర్జూరాలు, బెల్లం ముక్క చాలామందికి పడతాయి, నీకు పడతాయో లేదో ట్రైనింగ్‌లోనే తేల్చుకో. మన ఎండకు ఉప్పు పోతుంది. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం, ఓఆర్ఎస్ ప్యాకెట్ జేబులో పెట్టుకో. టీ అన్నం మీదే తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు.

బురుజు_పక్కోడు:
అంతా బాగుంది. రేసు అయిపోయాక సంగతి ఎవరూ చెప్పట్లేదు. పరుగు ఆగుతుంది, ఆకలి ఆగదు. గతేడాది హైదరాబాద్‌లో మెడల్ తెచ్చుకున్న మా ఫ్రెండ్‌ను సంక్రాంతికి చూస్తే గుర్తుపట్టలేకపోయా.

పాలకొండల_అక్క:
అది నిజమే అన్నా. ట్రైనింగ్ ప్లేటే కొన్ని వారాలు అలవాటుగా నడుస్తుంది. రేసు తర్వాత వారం రెస్ట్ తీసుకుని వారానికి మూడు రోజులైనా పరుగు ఉంచుకోమను. ముద్ద తగ్గించడం అప్పుడైతే నేనూ ఒప్పుకుంటా.

బురుజు_పక్కోడు:
ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.