2000 వింబుల్డన్ తర్వాత సంప్రాస్‌లో తగ్గింది ఆటా, ఆడాలనే కోరికా?

సెకండ్‌సర్వ్_తెనాలి అడిగిన ప్రశ్న:

నేను 2001లో పుట్టాను. టెన్నిస్ చూడటం ఫెదరర్, నాదల్ రోజుల్లో మొదలైంది కానీ మనసు జొకోవిచ్ దగ్గర ఆగిపోయింది. 2025లో ఆయన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీస్ దాకా వెళ్లి, నాలుగుసార్లూ అక్కడి నుంచే ఇంటికొచ్చాడు. అలా జరిగిన ప్రతిసారీ మా నాన్న సోఫాలోంచి ఒకటే పాట: "సంప్రాస్‌కీ ఇంతే. చివరి రెండేళ్లు వాడికి ఆడాలనే లేదు."

నాన్న మాట తేల్చుకుందామని, తొంభైల్లో నంబర్‌వన్‌గా ఉన్న అమెరికన్ పీట్ సంప్రాస్ పాత ఫలితాలు తిరగేశాను. తిరగేశాక ఇంకా అయోమయం. 2000 జులైలో 13వ గ్రాండ్‌స్లామ్, 2002 సెప్టెంబర్‌లో 14వది. మధ్యలో 26 నెలలు ఒక్క టైటిల్ కూడా లేదు, చిన్న టోర్నీ కూడా. కానీ అదే సమయంలో యూఎస్ ఓపెన్‌లో వరుసగా మూడేళ్లు ఫైనల్! ఆడాలని లేనివాడు మూడు ఫైనల్స్‌కి ఎలా వస్తాడు? పోనీ ఆట అలాగే ఉందంటే, వింబుల్డన్‌లో 145వ ర్యాంకు వాడి చేతిలో ఎలా ఓడతాడు? అప్పట్లో చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి. నాన్న మీద ఒక్కసారైనా వాదనలో గెలవాలి, అంతకు మించి ఏం లేదు.

గట్టింగ్_బాబాయ్:

మీ నాన్నగారు సగం కరెక్టు బాబూ. మిగతా సగం నా దగ్గర విను.

నాది బెజవాడలో రాకెట్లకి గట్టింగ్ చేసే, అంటే గట్స్ అనే తీగలు లాగి బిగించే చిన్న షాపు. 1988 నుంచి ఇదే పని. మనిషి మొహం చూడకుండానే వయసు చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల కుర్రాడైతే "గట్టిగా లాగండి అంకుల్" అంటాడు. నలభై దగ్గరపడ్డవాడు రాకెట్ బల్ల మీద పెట్టి, పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, "ఈసారి ఒక రెండు పౌండ్లు తగ్గించండి" అని నెమ్మదిగా అంటాడు. గట్స్ కాస్త వదులైతే బంతి దానంతటదే దూరం పోతుంది, చెయ్యి అంతగా ఊపక్కర్లేదు. మోచెయ్యి నొప్పి అని మాత్రం చచ్చినా చెప్పడు. మరుసటి ఏడాది పెద్ద తల ఉన్న రాకెట్ కొంటాడు. నా లెక్కలో ఆటగాడికి వయసు రావడమంటే ఈ రెండే.

సంప్రాస్ ఈ రెండూ చెయ్యలేదు. 85 చదరపు అంగుళాల తల ఉన్న విల్సన్ ప్రో స్టాఫ్, బరువు చాలదన్నట్టు దానికి సీసం పట్టీలు, నేచురల్ గట్స్ 70 పౌండ్ల పైన. మా దగ్గర మామూలుగా 52, 55 లాగుతాం. ఓసారి సరదాకి పాత ఫ్రేము ఒకదానికి 70 లాగి చూశాను. ఫ్రేము మూలిగింది. దాంతో బంతి కొడితే చెక్కబల్లతో కొట్టినట్టే ఉంది, సరిగ్గా మధ్యలో తగిలితే తప్ప నెట్ దాటలేదు. పాతికేళ్లప్పుడు సంప్రాస్ అడుగు వేళకి పడేది, బంతి మధ్యలోనే తగిలేది. ముప్ఫై వచ్చాక అడుగు రవ్వంత ఆలస్యం. ఆ రాకెట్ రవ్వంత కూడా క్షమించదు. పెద్ద తల రాకెట్ వాడి చూడాల్సిందని ఆట మానేశాక ఆయనే అన్నాడు. ఫెదరర్ ఆ పాఠం నేర్చుకున్నాడు, 2014లో 90 నుంచి 97కి మారాడు.

సర్వీసుకి మాత్రం ఏమీ కాలేదు. అది చివరి రోజు దాకా అలాగే ఉంది.

ఇక కోరిక. 1998లో ఆరో ఏడాది కూడా నంబర్‌వన్‌గా ముగించాలని ఆ చలికాలం ముందు యూరప్‌లో వారం వారం ఒక ఊరు తిరిగి ఆడాడు. ఆ మనిషి అలాంటివాడు. 2000 వింబుల్డన్‌కి వచ్చేసరికి కాలి నొప్పి. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య సాధన కూడా లేదు. వాన వల్ల ఫైనల్ ఆలస్యమై, చీకటి పడుతుండగా రాఫ్టర్‌ని ఓడించాడు. రాయ్ ఎమర్సన్ 12 గ్రాండ్‌స్లామ్‌ల రికార్డు పోయింది. మ్యాచ్‌లకి దాదాపుగా రాని అమ్మానాన్నలు ఆ రోజు వచ్చి జనంలో కూర్చున్నారు, పైకెక్కి వెళ్లి వాళ్లని పట్టుకున్నాడు. అప్పటికి 28 ఏళ్లు. ఇంకేం మిగిలింది చెప్పు?

నా అనుమానం ఏంటంటే, పెద్ద మ్యాచ్ ఆడాలనే కోరిక ఆయనలో ఎప్పుడూ పోలేదు. పోయింది ఏదో ఒక ఊళ్లో మంగళవారం మధ్యాహ్నం, సగం ఖాళీ స్టాండ్స్ ముందు మొదటి రౌండ్ ఆడాలనే కోరిక. 2001లో టైటిల్ లేకపోవడం అందుకే. అదే మనిషి ఆ ఏడాది యూఎస్ ఓపెన్ జరిగే న్యూయార్క్‌లో ఏం చేశాడు? వరుసగా రాఫ్టర్, అగస్సీ, సాఫిన్‌లని ఓడించాడు. ముగ్గురూ అక్కడ అంతకుముందు గెలిచినవాళ్లే. అగస్సీతో క్వార్టర్ ఫైనల్ 6-7, 7-6, 7-6, 7-6. టైబ్రేక్‌లు కాక నలభై ఎనిమిది గేముల్లో ఒక్కడు కూడా ఒక్కసారి తన సర్వీసు గేమ్ పోగొట్టుకోలేదు. అక్కడ అర్ధరాత్రి దాటింది. నాలుగో సెట్ కూడా 6-6 అయ్యాక, దాన్ని తేల్చే టైబ్రేక్ ముందు స్టేడియం అంతా లేచి నిలబడి చప్పట్లు. అలాంటి ఆట నేను మళ్లీ చూడలేదు.

ఆ ఫైనల్లో హ్యూవిట్ చేతిలో 7-6, 6-1, 6-1. ఈ స్కోరు మీ నాన్నగారికి చూపించు. మొదటి సెట్ టైబ్రేక్ దాకా పోయి, తర్వాత ఒక్కో గేమ్. ఆట పోయినవాడి స్కోరు కాదిది, పెట్రోల్ అయిపోయినవాడిది. అప్పట్లో యూఎస్ ఓపెన్‌లో శనివారం సెమీస్, ఆదివారమే ఫైనల్. 2000 ఫైనల్లో ఓడించిన సాఫిన్‌కి ఇరవై ఏళ్లు, 2001లో హ్యూవిట్‌కి ఇరవై ఏళ్లు. ఆ వయసులో రాత్రి పడుకుని లేస్తే చాలు. ముప్ఫైలో చాలదు.

2002 ఇంకా దారుణం. కోచ్ పాల్ అన్నకోన్ అంతకుముందు ఏడాది చివర్లోనే వెళ్లిపోయాడు. వింబుల్డన్‌లో రెండో రౌండ్ మ్యాచ్‌ని రెండో నంబర్ కోర్టులో వేశారు, ఏడుసార్లు గెలిచిన మనిషికి. ఎదురుగా జార్జ్ బాస్టల్, అర్హత పోటీల్లో ఓడి అదృష్టం కొద్దీ డ్రాలోకి వచ్చినవాడు. ఐదు సెట్లలో ఓడిపోయాడు. కోర్టు మారే విరామాల్లో కుర్చీలో కూర్చుని భార్య రాసిచ్చిన ఉత్తరం చదువుకున్నాడు. మర్నాడు పేపర్లో ఆ సంగతి చదివి రాకెట్ మెషీన్ మీదే వదిలేసి బయటికొచ్చి టీ తాగాను. ఓడిపోవడం కాదు నన్ను బాధపెట్టింది, ఆ ఉత్తరం.

ఆ తర్వాత అన్నకోన్‌ని వెనక్కి పిలిచాడు. యూఎస్ ఓపెన్‌లో 17వ సీడ్. మూడో రౌండ్‌లో రుసెద్‌స్కీని ఐదు సెట్లలో దాటితే, ఓడినాయన బయటికొచ్చి, ఇతను అడుగున్నర నెమ్మదించాడు, తర్వాతి మ్యాచ్ గెలవడు అన్నాడు. తర్వాత టామీ హాస్, రాడిక్, షాల్కెన్ ముగ్గురూ ఇతని చేతిలో ఓడిపోయారు.

అగస్సీతో ఫైనల్ మనకి తెల్లవారుజామున వచ్చింది. మర్నాడు వినాయక చవితి. మా వీధి కుర్రాళ్లు రాత్రంతా పందిరి వేస్తూ, టీవీ వెలుగు చూసి షాపులోకి వచ్చి కూర్చున్నారు. టెన్నిస్ అంటే వాళ్లకి తెలిసింది స్కోరు పదిహేను, ముప్ఫై అని చెబుతారని మాత్రమే. ఒకడన్నాడు, "ముసలోళ్లిద్దరూ భలే కొడుతున్నారు బాబాయ్." ఒకడికి 31, ఇంకొకడికి 32! ముప్ఫైమూడు ఏస్‌లు, అంటే అవతలివాడు తాకనైనా తాకలేని సర్వీసులు, కొట్టాడు సంప్రాస్ అనే ఆ ముసలోడు. 6-3, 6-4, 5-7, 6-4. ఎదురుగా ఉన్న అగస్సీ కూడా అంతకుముందు రోజు హ్యూవిట్‌తో ఆడి అలిసినవాడే కాబట్టి, ఈసారి పెట్రోల్ లెక్క సమానమైంది. ఈ మాట ఎవరూ చెప్పరు.

బేస్‌లైన్_బండి:

బాబాయ్ గారు, మీ రాకెట్ పాయింటుకి దండం. కానీ కోరిక, మనసు అంటూ కథ అల్లుకోవడం మనకి బాగా అలవాటైపోయింది. కింద నేల మారింది కదండీ! 2001 నుంచి వింబుల్డన్‌లో గడ్డి మొత్తం రై గడ్డే. అంతకుముందు వేరే రకం కూడా కలిపేవారు. కొత్త గడ్డిలో నేల గట్టిపడి బంతి కాస్త ఎత్తుకి లేస్తుంది. సంప్రాస్‌లా సర్వీసు చేసి నెట్ దగ్గరికి పరిగెత్తేవాడి కాళ్ల దగ్గరికి బంతి దించడం అవతలివాడికి తేలికైంది. పైగా పాలిస్టర్ గట్స్ వచ్చాయి, బలంగా కొట్టినా స్పిన్‌తో బంతి లోపలే పడుతుంది. 2001లో 19 ఏళ్ల ఫెదరర్ ఐదు సెట్లలో ఓడించి, అక్కడ 31 మ్యాచ్‌ల వరుస విజయాలకి తెర దించాడు. మరుసటి ఏడాది ఫైనల్ హ్యూవిట్, నల్బాండియన్. ఇద్దరూ వెనక గీత వదలనివాళ్లే. సంప్రాస్ కోరికతో రగిలిపోతున్నా ఆ వింబుల్డన్ గెలిచేవాడు కాదు.

గట్టింగ్_బాబాయ్:

గడ్డి సంగతి ఒప్పుకుంటాను. కానీ న్యూయార్క్‌లో గడ్డి లేదు కదా నాయనా. పాలిస్టర్ మాట నా ముందు ఎత్తకు. అది వచ్చాక నా వ్యాపారం పెరిగింది, ఊళ్లో కుర్రాళ్ల మోచేతులు పోయాయి.

మాజీ_బ్యాక్‌హ్యాండ్:

హైదరాబాద్ నుంచి. నేను రాష్ట్ర స్థాయిలో 24 ఏళ్ల దాకా ఆడాను. రెండు మాటలు.

మొదటిది, 2000 సెప్టెంబర్‌లో ఆయనకి పెళ్లైంది. ఆ తర్వాత ప్రతి ఓటమికీ కారణం భార్యే అని రాసినవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఎవరూ ఆ మాట ఎత్తకపోవడం సంతోషం. 2002 యూఎస్ ఓపెన్ ఫైనల్ గెలిచాక ఆయన పైకెక్కి వెళ్లింది గర్భంతో కూర్చున్న ఆమె దగ్గరికే.

రెండోది, కోరిక పోవడం బయటివాళ్లకి కనపడే సంగతి కాదు. నాకెలా తెలిసిందో చెబుతాను. ఒక టోర్నీలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాను. ఏడుపు వస్తుందని టవల్ మొహానికి అడ్డం పెట్టుకుంటే, రాలేదు. రేపు పొద్దున ఐదింటికి లేవక్కర్లేదని హాయిగా అనిపించింది. ఆ హాయికే భయమేసింది. దాని తర్వాత ఇంకో ఏడాదిన్నర ఆడాను, ఎందుకంటే ఆపేస్తున్నానని అమ్మతో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఆ ఏడాదిన్నరలో రెండు మంచి మ్యాచ్‌లు కూడా గెలిచాను. అందుకే మూడు ఫైనల్స్ ఆడాడు కాబట్టి కోరిక ఉన్నట్టే అంటే నేను నమ్మను. అలవాటు కూడా ఆడిస్తుంది.

సానియా 2022 జనవరిలోనే ఇదే చివరి సీజన్ అని చెప్పేసింది. మోచేతి గాయంతో అది కాస్తా సాగి, 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ ఆడింది, ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆపేసింది. మార్చిలో ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్‌కి నేనూ వెళ్లాను. సంప్రాస్‌కి అలాంటి తేదీ లేదు. 2002 యూఎస్ ఓపెన్ ఫైనలే చివరిదని ఆ రోజు ఆయనకీ తెలీదు. తర్వాత ఒక్కో టోర్నీ నుంచీ పేరు వెనక్కి తీసుకుంటూ పోయాడు, 2003 వింబుల్డన్‌కని సాధన మొదలుపెట్టి కొద్ది రోజులకే వదిలేశాడు. ఆ ఆగస్టులో న్యూయార్క్‌లో వీడ్కోలు సభ పెట్టేసరికి ఏడాది కావస్తోంది. గెలిచాక ఆ ఏడాదంతా ఇంట్లో ఆయన ఏం ఆలోచించాడా అనేదే నాకు ఆసక్తి. ఓడిన రెండేళ్లు కాదు.

సెకండ్‌సర్వ్_తెనాలి:

అందరికీ థాంక్స్. రాత్రి అన్నాలప్పుడు నాన్నకి మొత్తం చదివి వినిపించాను. హ్యూవిట్ స్కోరు దగ్గర "ఊఁ" అన్నారు. మాజీ బ్యాక్‌హ్యాండ్ గారి టవల్ సంగతి దగ్గర మాత్రం తినడం ఆపేశారు. కాసేపటికి, "నేను కాలేజీ టీమ్ మానేసినప్పుడు మీ తాతకి చదువు కోసమని చెప్పాను" అన్నారు. నాన్న కాలేజీ టీమ్‌లో ఆడారని నాకు ఇప్పటిదాకా తెలీదు! పొద్దున అటక మీంచి ఒక రాకెట్ దించారు. గట్స్ అన్నీ తెగిపోయి ఉన్నాయి, గ్రిప్పు పట్టుకుంటే పొడి రాలుతోంది. బాబాయ్ గారూ, ఆయనకి 56. ఎన్ని పౌండ్లు వేయించమంటారు?

గట్టింగ్_బాబాయ్:

చెక్క ఫ్రేమా, లోహమా ముందు ఫొటో పెట్టు. చెక్కదైతే వంకర పోయిందేమో బల్ల మీద పెట్టి చూడు. బాగుంటే 48 చాలు. ఆయన 55 అడుగుతారు. సరే అను, నేను 48 లాగి ఇస్తాను.